సభ్యత్వ రుసుము కట్టిన దుకాణదారుకు చాంబర్ ఏం చేసి పెట్టాలి?

పరకాల కిరాణా:

అందరికీ నమస్తే. మా పట్టణంలో చాంబర్ ఆఫ్ కామర్స్ (వర్తకుల సంఘం) ఉంది గానీ, ఏడాదికోసారి సర్వసభ్య సమావేశం తప్ప పెద్దగా పని జరగడం లేదు. కిరాణా, బట్టలు, హార్డ్‌వేర్, ఎరువుల దుకాణాలవాళ్లు, కొద్దిమంది చిన్న మిల్లులవాళ్లు సభ్యులు. కొత్త కార్యవర్గం వారానికి ఒక పూట సహాయ కేంద్రం నడపాలనుకుంటోంది. ఒక గుమస్తా, ఒక కంప్యూటర్, అంతవరకే మా స్తోమత. ఏ పనులతో మొదలుపెడితే సభ్యులకు నిజంగా అక్కరకొస్తుంది? రెండోది ఉద్దెర బాకీల సంగతి. రాని పైసల కోసం చాంబర్ చట్టప్రకారం ఎంతవరకు పోవచ్చు?

ఓరుగల్లు లెక్కలు:

గడువులున్న పనులతో మొదలుపెట్టండి. చిన్న దుకాణాలకు జరిమానాలు పడేది చాలావరకు తేదీలు దాటిపోయి. ఒక్కో సభ్యుడికి ఒక పేజీ తెరిచి ట్రేడ్ లైసెన్స్ ముగిసే తేదీ, ఫుడ్ లైసెన్సు, ఎరువులు, పురుగుమందుల లైసెన్సులు, కాంటాకు ముద్ర పడిన తేదీ, కరెంటు సర్వీసు నంబరు, మంజూరైన లోడు రాసి పెట్టండి. గడువుకు నెల ముందు గుమస్తా ఫోను చేయాలి. ఈ ఒక్క పనితోనే సగం మంది రుసుము గురించి అడగడం మానేస్తారు.

అందులోనూ కాంటాలు ముందు. ఎలక్ట్రానిక్ కాంటాకు 12 నెలలకోసారి, తక్కెడకూ తూకపు రాళ్లకూ 24 నెలలకోసారి తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించాలి. ఎవరి కాంటా వాళ్లు మోసుకుపోయే బదులు చాంబర్ తరఫున లేఖ రాసి ఒకరోజు శిబిరం పెట్టమని అడగండి. లేఖకు జాబితా జతచేయాలి: కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నంబరు, గరిష్ఠ తూకం, పాత సర్టిఫికెట్ నకలు. శిబిరంలో పని ఎక్కడ ఆగుతుందంటే, ప్లేటు మీద నంబరు చెరిగిపోయిన కాంటా దగ్గర, సీలు తెగిన కాంటా దగ్గర, తూకంలో తేడా వచ్చినదాని దగ్గర. అందుకని వారం ముందే లైసెన్సున్న రిపేరరుకు చూపించండి. రిపేరు కోసం సీలు విప్పితే, పాత ముద్రకు గడువు మిగిలి ఉన్నా మళ్లీ ముద్ర వేయించాల్సిందే. ఇది తెలియక చాలామంది రిపేరైన కాంటాతో అలాగే అమ్ముతుంటారు.

జీఎస్టీ దగ్గర ఒక్క జాగ్రత్త చెప్తా. సరుకులకు రిజిస్ట్రేషన్ పరిమితి 40 లక్షలని ఇంటర్నెట్‌లో చదివి ఆగిపోయేవాళ్లున్నారు. తెలంగాణలో అది 20 లక్షలే. పన్నుపడే సరుకు అమ్మే దుకాణంలో విడి బియ్యం, పప్పుల్లాంటి పన్నులేని సరుకు అమ్మకం కూడా ఆ లెక్కలో కలుస్తుంది.

ఏనుమాముల అడ్తి:

బాకీల మాట నేను చెప్తానన్నా. ముందు సభ్యులను రెండు భాగాలు చేయండి: సరుకు తయారుచేసేవాళ్లు, సేవలందించేవాళ్లు ఒకవైపు, కొని అమ్మేవాళ్లు మరోవైపు. ఇద్దరికీ దారులు వేరు.

మిల్లు, వర్క్‌షాపు లాంటివాటికి 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం అండగా ఉంది. ఒప్పందం రాసుకున్నా కొన్నవాడు 45 రోజులు దాటించకూడదు, ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. వివాదమైతే ఆ చట్టం కింద బాకీ తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు పోవచ్చు. కౌన్సిల్ తీర్పు మీద కొనుగోలుదారు కోర్టుకెక్కాలంటే తీర్పు మొత్తంలో 75 శాతం ముందుగా జమ చేయాలి. దీనికితోడు 2024 ఏప్రిల్ 1 నుంచి, సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోగా చెల్లించని మొత్తాన్ని కొన్నవాడు ఆ ఏడాది ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపుకోలేడు. చెల్లించిన ఏడాదే చూపుకోవాలి. మార్చిలో ఈ సంగతి గుర్తుచేస్తూ లేఖ పంపితే చాలాసార్లు డబ్బు కదులుతుంది.

అయితే ఉద్యం నంబరు (ఈ చట్టం కింద సంస్థకిచ్చే రిజిస్ట్రేషన్ నంబరు) సరుకు పంపకముందే ఉండాలి. బాకీ పడ్డాక తీసుకుంటే, పాత బిల్లులకు చట్టం వర్తించదని అవతలివాడు వాదిస్తాడు. రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం, ఆధార్, పాన్ కావాలి. అదే పేరులా కనిపించే ప్రైవేటు వెబ్‌సైట్లు డబ్బులడుగుతాయి, గుమస్తా ప్రభుత్వ సైటులోనే చేయాలి. బిల్లు మీద ఉద్యం నంబరు, చెల్లించాల్సిన తేదీ అచ్చు వేయించండి. సరుకు ముట్టినట్టు డెలివరీ చలానా మీద సంతకం, ముద్ర తీసుకోవాలి. కౌన్సిల్ దగ్గర కేసులు బలహీనపడేది ఎక్కువగా ఈ సంతకం లేకే.

కొని అమ్మేవాళ్లూ ఉద్యం తీసుకోవచ్చు గానీ, దానివల్ల వచ్చేది ప్రాధాన్య రంగ రుణం వరకే. ఆలస్యపు చెల్లింపు రక్షణ రాదు. వాళ్లకు పనికొచ్చేవి చెక్కు, లోక్ అదాలత్. చెక్కు వెనక్కొస్తే, బ్యాంకు నుంచి ఆ సమాచారం అందిన 30 రోజుల్లోగా రాతపూర్వక నోటీసు. అది అందిన 15 రోజుల్లో డబ్బు రాకపోతే, ఆ తర్వాతి నెల రోజుల్లోగా కోర్టులో ఫిర్యాదు. ఈ మూడు తేదీలను చాంబర్ గోడ మీద రాసిపెట్టినా తప్పులేదు. ఇద్దరూ మాట్లాడుకోవడానికి సిద్ధమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా, కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు పోవచ్చు. కోర్టు ఫీజు లేదు, అక్కడి అవార్డుకు డిక్రీ విలువ ఉంటుంది, దానిమీద అప్పీలు లేదు.

చాంబర్ చేయకూడనివీ ఉన్నాయి. ఎగవేతదారుల పేర్లు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు, పరువు నష్టం కేసు కార్యవర్గం మీదికొస్తుంది. ఫలానా వాడికి సరుకు ఇవ్వొద్దని, అందరూ ఒకే ధరకు అమ్మాలని తీర్మానాలు చేయొద్దు. అది 2002 నాటి పోటీ చట్టానికి విరుద్ధం. కొత్త స్టాకిస్టు తమ ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలన్న మందుల వ్యాపారుల సంఘాలకు కాంపిటీషన్ కమిషన్ జరిమానాలు వేసింది.

హన్మకొండ హార్డ్‌వేర్:

వినతిపత్రాల గురించి చిన్న మాట. ఒక లేఖలో ఒకే సమస్య రాయండి. మురుగు కాల్వ మున్సిపాలిటీది, జాతీయ రహదారి మీద డివైడర్ సంగతి రహదారుల వాళ్లది. రెండూ కలిపి రాస్తే ఇద్దరూ పక్కన పెట్టేస్తారు. ఏ దుకాణం నుంచి ఏ దుకాణం వరకు, ఏ తేదీన ఎంత నీళ్లు నిలిచాయి, ఫోటోలు, చేతి గీత మ్యాపు జతచేసి, నకలు మీద అందినట్టు ముద్ర తీసుకోండి.

తోపుడుబండ్ల తగాదాలు ఉంటే పోలీసుల దగ్గరికి పోవడానికి ముందు పట్టణంలో వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీని అడగండి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం దానిలో వర్తక సంఘాలకూ చోటుంది. వీధి వ్యాపారుల ప్రతినిధులు కనీసం 40 శాతం ఉంటారు కాబట్టి, ఇరువైపులా కూర్చుని స్థలాలు గీసుకునే వీలుంది.

పరకాల కిరాణా:

చాలా ఉపయోగం, అందరికీ ధన్యవాదాలు. అడ్తి అన్నా, ఎరువుల దుకాణాలు రైతులకిచ్చే ఉద్దెరకు చెక్కులుండవు. ఖాతా పుస్తకమే. పత్తి, మిర్చి చేతికొచ్చాకే లెక్క. రెండు సీజన్లు పంట పోతే ఏం చేయాలి?

ఏనుమాముల అడ్తి:

బాకీ దావాకు గడువు 3 ఏళ్లు. ప్రతి సీజను చివర మిగిలిన మొత్తం అక్షరాల్లో, అంకెల్లో రాసి, తేదీ వేసి రైతుతో సంతకం పెట్టించుకోవాలి. వేలిముద్ర అయితే సాక్షి సంతకం కూడా. ఆ తేదీ నుంచి 3 ఏళ్లు మళ్లీ మొదలవుతాయి. ఇది పాత గడువు ముగియకముందే జరగాలి. ముగిశాక ఉత్త బాకీ ఒప్పుకోలు చెల్లదు, ఇస్తానని రాతపూర్వకంగా హామీ ఇస్తేనే నిలుస్తుంది. సంతకం పెట్టించిన పుటకు నకలు రైతుకూ ఇవ్వమనండి, తర్వాత అంకె మీద గొడవ రాదు.