"గర్వముతో నటించు వారిని ఆయన అణపశక్తుడు" – ఇక్కడ నటించడం అంటే ఏంటండీ?

అందరికీ వందనాలండి. బబులోను రాజు నెబుకద్నెజరు గురించి చెప్పే దానియేలు 4వ అధ్యాయంలో 37వ వచనం చివర్లో ఉన్న మాట ఇది, మన పాత తెలుగు బైబిల్ అనువాదంలో. మా చర్చిలో యూత్ పిల్లలకి ఈ అధ్యాయం చెప్తుంటే ఒకమ్మాయి అడిగింది, "ఆంటీ, గర్వం ఉన్నట్టు యాక్ట్ చేసేవాళ్ళనే అణుస్తాడా, నిజంగా గర్వం ఉన్నవాళ్ళ సంగతేంటి" అని. అణపశక్తుడు అనేది ఎలా విడదీయాలో కూడా ఎవరైనా చెప్పరా.

▪ అణప + శక్తుడు అండి. అణప అంటే అణచడానికి, తలచు కి తలప ఎలాగో అణచు కి అణప అలాగ. అణచడానికి శక్తి ఉన్నవాడు అని అర్థం. ఇప్పటి వాడుకలో ఈ రూపం లేదు కాబట్టి పిల్లలకి కొత్తగా ఉంటుంది.

▪ నటించు గురించి నేను చెప్తానండి, నాకు చాలా ఇష్టమైన అధ్యాయం ఇది. ఈ భాగం మూలం హీబ్రూ కాదు, అరామిక్. అక్కడున్నది "గర్వంలో నడిచేవాళ్ళు" అని, అంటే గర్వంగా నడుచుకునేవాళ్ళు, లోపల లేనిది పైకి చూపించడం కాదు. ఇంకో సంగతి, 29వ వచనంలో రాజు బబులోను నగరులో, అంటే రాజభవనంలో, "సంచరించుచుండగా" అని ఉంది కదా, మూలంలో అక్కడా ఇదే క్రియ. ఆ రోజు అలా తిరుగుతూనే కదా "నేను కట్టించిన మహా విశాలపట్టణము కాదా" అన్నాడు, ఆ మాట నోట్లో ఉండగానే తీర్పు వచ్చేసింది. కట్టించిన మాట నిజమే, 1899లో మొదలైన జర్మన్ల తవ్వకాల్లో నెబుకద్నెజరు పేరు ముద్ర వేసిన ఇటుకలు బోలెడు దొరికాయి, ఇటుక ఇటుక మీదా తన పేరే. అలాంటి మనిషి చివర్లో "గర్వంలో నడిచేవాళ్ళని" అంటుంటే తన సొంత నడకే గుర్తొచ్చి అంటున్నట్టు ఉంటుంది నాకు. మన తెలుగులో ఒకచోట సంచరించు, ఒకచోట నటించు పడేసరికి ఆ ముడి కనపడదు.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇది. ఈ వాక్యాన్ని మనవాళ్ళు ఎక్కువగా ఎదుటివాళ్ళ మీదకి వాడతారు, పక్కింటివాళ్ళు మేడ కట్టినా, సంఘంలో ఎవరితోనన్నా మాట పడకపోయినా "దేవుడు అణుస్తాడు చూడు" అని. నాకది బాధగా ఉంటుందండి. ఈ మాట అన్నది దానియేలు కాదు, అణగిపోయిన ఆ రాజే తన నోటితో చెప్పుకున్న సాక్ష్యం, గడ్డి మేసి, వెంట్రుకలు పక్షిరాజు ఈకల్లా, గోళ్ళు పక్షి గోళ్ళలా పెరిగిపోయి, ఏడు కాలాలు గడిచాక కళ్ళు ఆకాశం వైపు ఎత్తినవాడు. రాజుకి ముందే కలలో హెచ్చరిక వచ్చింది, ఆ తర్వాత తీర్పుకి ముందు పన్నెండు నెలలు టైం ఇచ్చాడు దేవుడు. నీతిగా ఉండు, బాధల్లో ఉన్నవాళ్ళ మీద కరుణ చూపించు అని దానియేలు బతిమాలినట్టే చెప్పాడు. ఆ కలలో రాజుకి గుర్తుగా ఉన్న చెట్టుని నరికేశారు గానీ మొద్దు మాత్రం ఇనుము ఇత్తడి కట్టుతో నేలలో ఉంచేశారు, మళ్ళీ చిగురించడానికే కదా. పోగొట్టుకున్న రాజ్యం కూడా తిరిగొచ్చింది.

▪ చాలా థాంక్స్ అండి, నడక సంగతి ఈ ఆదివారమే పిల్లలకి చెప్తా. కానీ అపొస్తలుల కార్యములు 12లో హేరోదు రాజుకి అలా టైం ఇవ్వలేదు కదా, జనం దేవుని స్వరం అని కేకలేస్తే వెంటనే పురుగులు పడి చనిపోయాడు, అదెలా అర్థం చేసుకోవాలి?

▪ హేరోదు ఆ అధ్యాయం మొదట్లోనే అపొస్తలుడైన యాకోబుని కత్తితో చంపించాడు, పేతురుని చెరలో వేయించాడు, పేతురు చెరలోంచి ఎలా బయటపడ్డాడో కావలివాళ్ళని విచారించి వాళ్ళనీ చంపమన్నాడు. అది ఆలోచించుకోవడానికి దొరికిన టైం కాదంటారా? దానియేలు 5:22 కూడా పక్కన పెట్టుకుని చదవండి. నెబుకద్నెజరు తర్వాత బబులోనులో రాజుగా కనిపించే బెల్షస్సరుతో దానియేలు ఏమన్నాడంటే, నీకు ఈ సంగతంతా తెలిసి కూడా "నీ మనస్సును అణచుకొనక" అని. 4:37లో దేవుడు అణుస్తాడు, ఇక్కడ మనిషే తనని తాను అణచుకోవాల్సింది, మూలంలో రెండు చోట్లా ఒకే క్రియ, తెలుగులో కూడా అదే నిలబడింది. బెల్షస్సరు అణచుకోలేదు, ఆ రాత్రే చంపబడ్డాడు.