సబ్‌టైటిల్స్ పెట్టుకుని వింటే చెవి బాగుపడుతుందా, పాడవుతుందా?

గోదారి_గాలి:
మొన్న జరిగింది చెప్పి అడుగుతాను. డల్లాస్‌లో ఉద్యోగం, మూడేళ్ళయింది. గురువారం డెమోకి రాలేనని మా మేనేజర్ ఫోన్‌లో చెప్పాడు. నాకు వస్తానన్నట్టు వినబడింది. క్లయింట్‌తో సహా అందరికీ ఇన్వైట్ పంపేశాను. గురువారం పది గంటలకి ఆరుగురం స్క్రీన్ మీద ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం.

ఆయనన్నది బ్రహ్మవిద్యేమీ కాదు. 'ఐ కాంట్ డూ థర్స్‌డే'. అంతే. కానీ ఆయన నోట్లో ఆ 'ట్' లేదు. రికార్డింగ్ నాలుగుసార్లు విన్నాను, నాలుగుసార్లూ నాకు 'క్యాన్' అనే వినబడింది. నుడికారం తెలియకపోతే డిక్షనరీ చూసుకుంటాం, మూడో తరగతిలో నేర్చుకున్న మాటే వినబడకపోతే ఏం చూసుకోవాలి?

మా రూమ్మేట్ ఏమంటాడంటే, నేను ప్రతి సినిమా, ప్రతి సిరీస్ ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ పెట్టుకునే చూస్తానట, అందుకే చెవికి బద్ధకం పట్టిందట. ఆపేయాలా? ఆపితే సగం కథ అర్థం కాదు.

పాత_లెక్చరర్:
ఆపేయండి. సబ్‌టైటిల్స్ ఉంటే కన్ను ముందే చదివేస్తుంది, చెవి 'విన్నాను' అని కింద సంతకం పెడుతుంది.

మీ గురువారం సంగతికొస్తే, మీరు 'ట్' కోసం వెతికారు. అమెరికన్ల మాటలో తేడా ఎక్కువగా అచ్చులో ఉంటుంది. చేయగలను అనేటప్పుడు 'కన్' అని సగం మింగి 'డూ' మీద ఒత్తుతారు: 'ఐకన్‌డూ'. చేయలేను అనేటప్పుడే 'క్యాన్' నిండుగా పలికి, చివర ఊపిరి చటుక్కున ఆపుతారు. మన చెవి దీనికి సరిగ్గా తిరగేసి ఉంది. నిండుగా 'క్యాన్' వినబడితే చేయగలను అనే అనుకుంటాం. మీరు 'ఐ క్యాన్ డూ' అని నొక్కి చెప్పినప్పుడు వాళ్ళు 'క్యానా, కాంటా?' అని అడిగిన సందర్భాలు మీకూ ఉండే ఉంటాయి.

తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు పలకాల్సిందే, ప్రతి అక్షరానికీ దాని మాత్ర దానికి ఇవ్వాల్సిందే. ఇంగ్లీషులో ఒత్తిన అక్షరానికే సీటు. టు, ఆఫ్, హావ్, దెమ్ లాంటి చిన్న మాటలన్నీ సంక్రాంతికి ఆర్టీసీ బస్సులో లాగా ఫుట్‌బోర్డు మీద వేలాడుతుంటాయి. వాటిని పట్టుకోవడం చెవికే రావాలి. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో లిజనింగ్‌కి 40 ప్రశ్నలు, ఆడియో ఒక్కసారే వేస్తారు. అక్కడ కింద అక్షరాలు రావు.

నా పిల్లలకి ఇచ్చే పని ఒక్కటే. 20 సెకన్ల ముక్క తీసుకోండి. వినబడింది వినబడినట్టు కాగితం మీద రాయండి. ఎన్నిసార్లయినా వినండి. ఇంక వల్ల కాదు అనుకున్నాకే అసలు మాటలు చూసుకోండి. ఎర్ర పెన్నుతో దిద్దుకోండి.

ఓరుగల్లు_పోరడు:
మాస్టారూ, ఇది పరీక్షకు కరెక్ట్. కానీ 'వాట్ ఆర్ యు గోయింగ్ టు డూ' అన్నది నాకు మొదట 'వాచగనడూ' అని వినబడేది. అది ఒక మాటో ఆరు మాటలో కూడా తెలియదు. కింద అక్షరాలు చూశాకే, ఓహో ఇది అదా అని తెలిసింది. తెలియని మాటను వందసార్లు విన్నా అది తెలియని మాటే. 'గెట్ అవుట్ ఆఫ్ హియర్'ని 'గెడౌటహియర్' అంటే నేను ఎవరి పేరో అనుకున్న.

తెలుగు సబ్‌టైటిల్స్ వద్దంటే ఒప్పుకుంటా. అవి పెడితే ఇంగ్లీషు ఉత్త బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్. ఇంగ్లీషువి ఎందుకు వద్దు?

పాత_లెక్చరర్:
ముందు విని, తరువాత చూడమన్నాను. మీరు ముందే చూస్తున్నారు. తేడా అదే.

ఓరుగల్లు_పోరడు:
డ్యూటీ దిగి రాత్రి పదకొండింటికి సినిమా పెట్టుకుని పెన్నూ కాగితం ఎవరు పట్టుకుంటారు మాస్టారూ!

యార్క్‌షైర్_నర్సు:
మీరిద్దరూ చెవి దగ్గరే ఆగిపోయారు. నాకు ప్రతి మాటా శుభ్రంగా వినబడుతుంది. ఇంగ్లండ్‌కి వచ్చిన రెండో వారం, వార్డులో ఒక పెద్దాయన 'ఐయామ్ గోయింగ్ టు బి సిక్' అన్నాడు. ఒక్క అక్షరం కూడా పోలేదు. ఒంట్లో బాగుండేలా లేదంటున్నాడు కాబోలు అనుకుని, 'డాక్టర్‌కి చెప్తాను' అని నవ్వుతూ చెప్పాను. ఆ మాటకు ఇక్కడ అర్థం వాంతి వస్తోంది, గిన్నె పట్టు అని. దుప్పటి, నా బూట్లు, నేల, అన్నీ అయిపోయాయి. ఆయనే నాకు సారీ చెప్పాడు పాపం.

ఇంకో పెద్దావిడ 'స్పెండ్ ఎ పెన్నీ' అంది. డబ్బులేమైనా కావాలా అని అడిగాను. బాత్రూమ్‌కి వెళ్ళాలంటోంది. ఒకప్పుడు ఇక్కడి పబ్లిక్ టాయిలెట్లలో తలుపు తెరవడానికి ఒక పెన్నీ వేయాల్సి వచ్చేది, ఆ మాట అలా ఉండిపోయింది. ఇప్పటి కుర్రాళ్ళు అనరు, ఆ వయసు వాళ్ళు అంటారు. 'హాఫ్ ఎయిట్' అంటే ఎనిమిదిన్నర. 'టీకి రా' అంటే ఈ ఉత్తరాది వాళ్ళలో చాలామందికి రాత్రి భోజనం, నేను తినేసి వెళ్ళాను!

ఇవి డిక్టేషన్‌తో రావు మాస్టారూ. మనుషులతో తిరిగితే, అడిగితే వస్తాయి.

మన_ఇంగ్లీషే_మనది:
అసలు నాకొకటి అర్థం కాదు. ప్రతిసారీ దిద్దుకోవాల్సింది మనమేనా? 'పాస్డ్ అవుట్ ఇన్ 2015' అంటే మన దేశంలో అందరికీ తెలుసు, డిగ్రీ అయిపోయిందని. ఒక ఇంటర్వ్యూలో అదే అన్నాను. స్పృహ తప్పి పడిపోయానన్నట్టు అర్థం చేసుకుని, అవతల ఇద్దరూ నవ్వు ఆపుకోలేకపోయారు. 'ఐ హావ్ ఎ డౌట్' అంటే వాళ్ళ మాట నమ్మట్లేదనుకుంటారు. 'ట్' మింగేసింది వాళ్ళు, తప్పు మాత్రం మన చెవిదా? కొంచెం విడమరిచి మాట్లాడితే వాళ్ళ సొమ్మేం పోయింది?

ఓరుగల్లు_పోరడు:
బ్రో, నువ్వు ఇంట్లో 'ఎక్కడికి వెళ్ళుచున్నావు' అనే అంటున్నవా? మేం 'యాడికి వోతున్నవ్' అంటం. తెలుగు నేర్చుకునేటోడు పుస్తకం పట్టుకుని మా గల్లీకి వస్తే వాడి గతి కూడా ఇదే. మనం 'చూద్దాంలే' అంటే పని కాదని అర్థం. వాడు పాపం వారం రోజులు ఎదురుచూస్తడు.

పాత_లెక్చరర్:
ఇందులో వాళ్ళలో వాళ్ళకీ తిప్పలే. ఒక విషయాన్ని 'టేబుల్' చేయడమంటే బ్రిటన్‌లో చర్చకు పెట్టడం, అమెరికాలో పక్కన పెట్టడం. రెండో ప్రపంచ యుద్ధంలో ఒక సమావేశంలో ఈ ఒక్క మాట మీద రెండు దేశాల అధికారులూ చాలాసేపు గట్టిగానే వాదించుకున్నారని చర్చిల్ తన యుద్ధ జ్ఞాపకాల్లో రాశాడు. తీరా చూస్తే రెండు వైపులా కోరింది ఒకటే. వాళ్ళలో ఎవరి చెవికీ లోపం లేదు. కాబట్టి నర్సమ్మగారి మాట కొంత ఒప్పుకుంటాను. సబ్‌టైటిల్స్ విషయంలో మాత్రం తగ్గను.

మన_ఇంగ్లీషే_మనది:
చర్చిల్‌కి ఒక న్యాయం, నాకొక న్యాయం. ఆయనకెవరూ ఉద్యోగం ఎగ్గొట్టలేదు.

యార్క్‌షైర్_నర్సు:
తమ్ముడూ, నీ కోపం న్యాయమే. కానీ మనలో ఒక జబ్బుంది. అర్థం కాకపోయినా 'యా, యా' అని తలాడిస్తాం. అడిగితే ఇంగ్లీషు రాదనుకుంటారని టెన్షన్. ఒకసారి పక్క బెడ్ ఆవిడ 'కిటికీ తెరిస్తే డూ యు మైండ్?' అంటే 'యస్ యస్' అన్నాను ఉత్సాహంగా. అంటే నాకు అభ్యంతరం ఉందని! ఆవిడ బిక్కమొహం వేసుకుని కూర్చుంది. ఇప్పుడు నేను విన్నదాన్ని నా మాటల్లో తిప్పి చెప్తాను. 'సో, యు వాంట్ ఇట్ ఓపెన్?' అని. గోదారి తమ్ముడు కూడా ఆ రోజు 'సో, నో థర్స్‌డే?' అని ఒక్క ముక్క అడిగి ఉంటే ఆరుగురు కూర్చునేవాళ్ళు కాదు.

గోదారి_గాలి:
అక్కా, అడగాలంటే ముందు అనుమానం రావాలి కదా. నాకు రాలేదు. స్పష్టంగా 'క్యాన్' అనే వినబడింది, అదే నా బాధ.

మాస్టారు చెప్పింది నిన్న రాత్రి చేశాను. ఒక ఇంటర్వ్యూలోంచి 20 సెకన్ల ముక్క. మొత్తం 61 మాటలు, పదకొండు సార్లు విన్నాక నేను రాసినవి 44. పోయిన 17లో పెద్ద మాటలు రెండే. మిగతావన్నీ ఆ ఫుట్‌బోర్డు బ్యాచ్. ఒకచోట 'షుడా' అని వినబడితే 'షుడ్ ఆఫ్' అని రాశాను, అది 'షుడ్ హావ్' అట. అచ్చులో చూశాక మళ్ళీ వింటే 'హావ్' ఉన్నట్టే వినబడుతోంది, అది నిజంగా విన్నానో, చదివింది కనుక అలా అనిపిస్తోందో తెలియట్లేదు. ఇందులో మాస్టారు గెలిచినట్టా, ఓరుగల్లు అన్న గెలిచినట్టా?

ఓరుగల్లు_పోరడు:
నేనే.

పాత_లెక్చరర్:
రేపు అదే ముక్క కాగితం చూడకుండా వినండి. అప్పుడు చెబుతాను.