కర్క్యుమిన్ మాత్రలు మింగితే వెన్నుపాము కణచికిత్సకు తోడ్పడుతుందా?

ప్రశ్న – సుజాత, ఖమ్మం
రోడ్డు ప్రమాదంలో మా బావగారి వెన్నుపాము దెబ్బతిని రెండు కాళ్లూ చచ్చుబడిపోయాయి. నరాలను బాగుచేయడానికి అమర్చే కణాలను పసుపులోని కర్క్యుమిన్ చురుకుపరుస్తుందని ఆస్ట్రేలియా పరిశోధకులు చెప్పినట్టు చదివాము. ఇప్పటినుంచే ఆయనకు ఆ మాత్రలు వేస్తే, రేపు చికిత్స అందుబాటులోకి వచ్చినప్పుడు మేలు జరుగుతుందా?

జవాబు – పరిశోధక విద్యార్థి
సుజాత గారూ, అది బ్రిస్బేన్‌లోని గ్రిఫిత్ విశ్వవిద్యాలయంలో జరిగిన పని అయి ఉంటుంది. ముక్కులో వాసన నరాల పోగులను చుట్టుకొని ఉండే కణాలను (ఓల్ఫాక్టరీ ఎన్‌షీతింగ్ కణాలను) ప్రయోగశాలలో పెంచి, వాటికి తక్కువ మోతాదులో కర్క్యుమిన్ తగిలిస్తే అవి ఎక్కువగా వృద్ధి చెంది, చురుకుగా కదిలాయని 2014లో అక్కడివారు ప్రచురించారు. ఆ కదలికకే విలువ ఎక్కువ. ఎందుకంటే వెన్నుపాములో అమర్చిన కణాల్లో చాలావరకు చనిపోగా, గాయమైన చోట మచ్చ కట్టడం వల్ల మిగిలినవి లోపలికి చొచ్చుకుపోవడం కష్టమవుతుంది. అయితే ఆ ప్రయోగంలో మందు నేరుగా కణాలకే తగిలింది, కడుపు గుండా రాలేదు. మోతాదు మితిమీరితే అదే కర్క్యుమిన్ కణాలను చంపుతుంది కూడా. ఇక మనుషుల సంగతికి వస్తే, అదే నగరంలో శాస్త్రవేత్త అలన్ మెకే-సిమ్ బృందం 2002లో మొదలుపెట్టిన పరీక్షలో ముగ్గురు రోగులకు వారి ముక్కులోంచి తీసిన కణాలనే అమర్చగా, మూడేళ్ల తర్వాత కూడా హాని కనబడలేదు గానీ కాళ్ల కదలిక తిరిగి రాలేదు. అందులో మొక్కల మందు ప్రసక్తే లేదు.

జవాబు – ఫార్మసిస్టు
మింగిన కర్క్యుమిన్ రక్తంలోకి చేరేది చాలా స్వల్పం. మిరియాల్లోని పైపరిన్‌ను జతచేస్తే అది ఇరవై రెట్లు పెరిగిందని 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలవారు చూపారు. మాత్రల్లో దాన్ని కలిపేది అందుకే. చిక్కు కూడా అక్కడే ఉంది: పైపరిన్ కాలేయం మందులను విరిచే వేగాన్ని తగ్గిస్తుంది కనుక, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ వంటివి రక్తంలో పెరగవచ్చు. బావగారు రక్తం పలచబడే మందు వాడుతుంటే డాక్టరుగారిని అడగకుండా వేయకండి. కూరలో పసుపుకు అభ్యంతరం లేదు.

సుజాత
ధన్యవాదాలండీ. ఒక ప్రైవేటు కేంద్రంవారు మూలకణాల ఇంజెక్షన్లకు లక్షల్లో అడుగుతున్నారు. దానిమాటేమిటి?

జవాబు – పరిశోధక విద్యార్థి
భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం వెన్నుపాము గాయానికి మూలకణాలను అనుమతి పొందిన క్లినికల్ పరీక్షలోనే ఇవ్వాలి. అందుకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ముందుగా వారి సీటీఆర్ఐ (దేశంలోని క్లినికల్ పరీక్షల నమోదు పట్టిక) నమోదు సంఖ్య అడగండి.