అప్‌డేట్: విమ్‌లో జింజా ఫైల్ రంగుల గొడవ తేలింది

విమ్ (కోడ్ రాసుకునే ఎడిటర్)లో నా ఫ్లాస్క్ (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) టెంప్లేట్లు ఒకసారి జింజాగా (హెచ్‌టీఎంఎల్‌లో కలిపి రాసే టెంప్లేట్ భాష), ఇంకోసారి మామూలు హెచ్‌టీఎంఎల్‌గా తెరుచుకుంటున్నాయని, దాంతో రంగులు మారిపోతున్నాయని అడిగాను కదా. మీరు చెప్పినట్టే 'వెర్బోస్ సెట్ ఫైల్‌టైప్?' కొట్టి చూశాను. ఫైల్ రకాన్ని (ఫైల్‌టైప్) చివరిగా మార్చింది ఏ స్క్రిప్టో ఆ కమాండే చూపించింది. దొంగ ఇంట్లోనే ఉన్నాడు: ఎప్పుడో వేసి మరిచిపోయిన రెండో ప్లగిన్ (విమ్‌కు అదనపు హంగులు చేర్చే స్క్రిప్టు)!

మొదటి ప్లగిన్ 'సెట్‌ఫైల్‌టైప్' వాడుతోంది, అంటే అప్పటికే రకం తేలిపోయి ఉంటే అది వేలు పెట్టదు. రెండోది నేరుగా 'సెట్ ఫైల్‌టైప్' అంటోంది, ముందు ఎవరేం చెప్పినా చెరిపేస్తుంది. మర్యాదస్తుడు ఓడిపోయాడు, అంతే.

రెండోదాన్ని తీసేయలేను, వేరే పనికి కావాలి. అందుకే 'ఆఫ్టర్' ఫోల్డర్‌లోని 'ఎఫ్‌టీడిటెక్ట్'లో (ఫైల్ రకం గుర్తించే స్క్రిప్టులు ఉండే చోటు), టెంప్లేట్స్ ఫోల్డర్‌కు మాత్రమే వర్తించేలా నా సొంత ఆటోకమాండ్ (ఫైల్ తెరవగానే తనంతట తానే నడిచే ఆదేశం) ఒక్క లైను రాశాను. అది చివర్లో నడుస్తుంది కాబట్టి మాట దానిదే. రెండు రోజులుగా టెన్షన్ లేదు. ఇండెంట్ (లైన్ల ముందు వదిలే ఖాళీ) మాత్రం ఇంకా కాస్త తేడాగానే ఉంది, దాని సంగతి ఆదివారం చూస్తాను. అందరికీ థాంక్స్.