‘తయ్యిబ్’ని తెలుగులో ఏమందాం? పాల దగ్గర చిక్కుకున్న ఒక మాట

అడిగినవారు:
అందరికీ నమస్కారం. ఇస్లాం ఆహార నియమాలు పాలిచ్చే పశువుల గురించి ఏం చెబుతాయన్న దానిమీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. ఖురాన్ 2:168లో (2వ అధ్యాయం, 168వ వాక్యం) ‘హలాలన్ తయ్యిబన్’ అనే జంట దగ్గర నాలుగు రోజులుగా బండి కదలడం లేదు. భూమ్మీద ఉన్నవాటిలో హలాల్, తయ్యిబ్ అయినవి తినండి అని అక్కడి మాట. తెలుగులో మామూలుగా ‘ధర్మసమ్మతమైన, పరిశుద్ధమైన’ అంటుంటారు. వినడానికి బాగానే ఉంది, తయ్యిబ్‌కి నేనూ ‘పరిశుద్ధమైన’ అనే రాశాను. తర్వాతి పేరాలో 16:66 వచ్చింది. అక్కడ పాలని ‘ఖాలిస్’ అన్నారు. దానికీ ‘పరిశుద్ధమైన’ అనే రాశాను. ఇంకాస్త ముందుకెళ్తే ‘తాహిర్’ తగిలింది. దానికీ నా దగ్గర ‘పరిశుద్ధం’ తప్ప ఇంకోటి లేదు. మూడు అరబ్బీ మాటలకి ఒకే తెలుగు మాట అంటించి కూర్చున్నాను. హలాల్‌ని అలాగే ఉంచేశాను, అది అందరికీ తెలిసిందే. తయ్యిబ్ సంగతి కాస్త తేల్చండి, టెన్షన్‌గా ఉంది.

అరబ్బీ తెలిసిన ఒక మాస్టారు:
ముందు ఆ మూడింటినీ విడదీస్తే సగం పని అయిపోతుందమ్మా. తాహిర్ అంటే శుద్ధిగా ఉన్నది. దానికి ఎదురు మాట నజిస్. బట్టకి మూత్రం అంటితే ఆ మేరకు నజిస్, కడిగితే తాహిర్. మీ ‘పరిశుద్ధం’ దీనికి అట్టిపెట్టుకోండి. ఖాలిస్ అంటే ఇంకేదీ కలవనిది. మనకి ‘అచ్చమైన’ ఉంది, ‘కల్తీలేని’ ఉంది.

తయ్యిబ్‌కి ఎదురు మాట ఖబీస్. 7:157లో రెండూ ఎదురెదురుగా నిలబడి ఉంటాయి: ప్రవక్త తయ్యిబ్‌లని హలాల్ చేస్తాడు, ఖబీస్‌లని హరామ్ (నిషిద్ధం) చేస్తాడు అని. ఖబీస్ అంటే చెడ్డది, రోత పుట్టించేది. మైలపడిందని కాదు.

ఇక మాట ఎవరెవరితో తిరుగుతుందో చూడండి. 10:22లో ఓడ సాగిపోతుంటే వీచే గాలి తయ్యిబ్. 7:58లో పంట బాగా వచ్చే నేల తయ్యిబ్. 14:24లో మాట తయ్యిబ్, ఆ మాటని పోల్చిన చెట్టూ తయ్యిబే. 24:26లో మనుషులు. సుగంధ ద్రవ్యాన్ని ‘తీబ్’ అంటారు, అదీ ఈ ధాతువులోంచే. ఇప్పుడు ‘పరిశుద్ధం’ని ఈ వరసలో పెట్టి చదవండి. పరిశుద్ధమైన గాలి వీచి ఓడ సాగింది అంటే, ఓడలో ఎవరో సాంబ్రాణి వేసినట్టుంటుంది!

‘మంచి’ పెట్టి చూడండి. మంచి గాలి, మంచి నేల, మంచి మాట, మంచి చెట్టు, మంచి మనిషి. తాగేవి మంచినీళ్లు, చందనం మంచిగంధం. అరబ్బీలో తయ్యిబ్ ఎక్కడెక్కడ తిరిగిందో తెలుగులో ‘మంచి’ దాదాపు అక్కడల్లా తిరిగింది. ఒక్కచోట జాగ్రత్త: 4:43లో నీళ్లు దొరకనప్పుడు నమాజుకి ముందు మట్టితో చేసే శుద్ధికి, అంటే తయమ్ముమ్‌కి, తయ్యిబ్ అయిన మట్టి వాడమన్నారు. అక్కడ చాలామంది దాన్ని తాహిర్ అనే అర్థంలోనే తీసుకున్నారు. అక్కడ మాత్రం మీ ‘పరిశుద్ధం’ పనికొస్తుంది.

మీరు అడగలేదు గానీ, హలాల్ గురించి ఒక ముక్క. ఆ ధాతువుకి ముడి విప్పడం అనే అర్థం ఉంది. 20:27లో మూసా ప్రవక్త ‘నా నాలుక ముడి విప్పు’ అని వేడుకున్నప్పుడు వాడిన క్రియ అదే. కట్టు విప్పి వదిలినది హలాల్. ‘ధర్మసమ్మతం’లో ఆ విడుపు వినపడదు. అయినా హలాల్‌ని హలాల్‌గానే ఉంచడం నాకూ ఇష్టం.

ఇంకో సభ్యుడు:
మాస్టారూ, హలాల్‌కి ‘పాడి’ అంటే ఎలా ఉంటుంది? ‘నీకిది పాడియా’ అంటాం కదా, ఆ పాడి. వ్యాసమేమో పాడి పశువుల మీద. ‘పాడి పాలు’ అంటే రెండూ కలిసొస్తాయి.

మాస్టారు:
శీర్షికకి భలే ఉంటుంది బాబూ, లోపల మాత్రం వద్దు. న్యాయం అనే పాడి ఇప్పుడు నిలదీసే ప్రశ్నలో తప్ప బతికి లేదు. ‘ఈ ఆహారం పాడి’ అంటే చదివేవాళ్లు పాడైందేమో అనుకుంటారు.

వేరొకరు:
‘మంచి’ మరీ పల్చగా లేదాండీ? ఈమధ్య తయ్యిబ్ గురించి ఎవరు రాసినా పశువుని హింసించకుండా తీసినది, దూడ కడుపు కొట్టకుండా తీసినది అనే చెబుతున్నారు. హలాల్ అంటే చట్టం, తయ్యిబ్ అంటే నీతి అని చక్కగా విడదీస్తున్నారు. అలాంటప్పుడు ‘నైతికమైన’ అని పెడితే పోలేదా?

మాస్టారు:
వద్దండి. ఆ అర్థంలో చెడ్డేం లేదు గానీ, అనువాదంలో దాన్ని దూర్చకూడదు. 2:168 దగ్గర ఖుర్తుబీ తన తఫ్సీర్‌లో (ఖురాన్ వ్యాఖ్యానంలో) రెండు అభిప్రాయాలు చెప్పాడు. ఒక న్యాయశాఖకి మూలపురుషుడైన మాలిక్ లెక్కలో ఇక్కడ తయ్యిబ్ అంటే హలాలే. ఒకే సంగతిని రెండు మాటల్లో నొక్కి చెప్పడం, అంతే. ఇంకో శాఖకి మూలపురుషుడైన షాఫియీ లెక్కలో తయ్యిబ్ అంటే నోటికి హితవైనది, అందుకే రోత జీవాలు తినకూడదన్నాడు. మరో వ్యాఖ్యాత ఇబ్న్ కసీర్ అయితే ఒంటికీ బుద్ధికీ హాని చెయ్యనిది అన్నాడు. వీళ్లలో ఎవరూ ఈ మాట దగ్గర పశువు బాగోగులు ఎత్తలేదు. ‘నైతికమైన’ అని పెడితే మన కాలం మాటని వాళ్ల నోట్లో పెట్టినట్టే. ‘మంచి’ పల్చగా ఉంది కాబట్టే వీళ్లందరికీ చోటిస్తుంది. మీరు చెప్పిన కొత్త అర్థానికి కూడా.

అలాగని పశువు సంగతి సంప్రదాయంలో లేదని కాదు. దానికి వేరే మాటలున్నాయి. ఇంత మంచి మాటలుండగా అంతా తయ్యిబ్ నెత్తిన ఎందుకు పెట్టాలన్నదే నా బాధ. మన గ్రూపుకి పనికొచ్చేవి కూడా అవే.

ముసర్రాత్. అమ్మబోయే ముందు పశువుని పితక్కుండా ఉంచి, పొదుగు నిండుగా కనపడేలా చేస్తే, ఆ పశువు ముసర్రాత్, ఆ పని తస్రియా. ఒంటెల్నీ గొర్రెల్నీ అలా చెయ్యొద్దని బుఖారీ, ముస్లిమ్ సంకలనాలు రెండింటిలోనూ హదీసు (ప్రవక్త మాట) ఉంది. మోసపోయి కొన్నవాడు పితికి చూశాక ఇష్టమైతే ఉంచుకోవచ్చు, లేకపోతే ఒక సా ఖర్జూరాలతో కలిపి తిరిగి ఇచ్చెయ్యొచ్చు. సా అంటే నాలుగు ముద్‌ల కొలత, ముద్ అంటే దాదాపు ఒక దోసెడు. ఈ మాట ఎక్కణ్నించి వచ్చిందన్న దాని మీదే పాతవాళ్లు తగువులాడుకున్నారు. కట్టడం అనే ధాతువు అని షాఫియీ, నీళ్లు నిలవపెట్టడం అనే ధాతువు అని భాషాపండితుడు అబూ ఉబైద్. ఇలాంటి పశువుకే ఇంకో పేరు ముహఫ్ఫలా. మనందరికీ తెలిసిన ‘మెహఫిల్’ కూడా ఆ ధాతువే. అక్కడ జనం పోగవుతారు, ఇక్కడ పాలు.

హలూబ్. పాలిచ్చే పశువు. ముస్లిమ్ సంకలనంలో ఒక సంఘటన ఉంది: ఆకలితో ఇంటికొచ్చిన ప్రవక్త కోసం మదీనావాసి అయిన ఒక అన్సారీ కత్తి చేతపట్టాడు. ‘హలూబ్ జోలికి పోకు’ అన్నారాయన. అతను వేరే గొర్రెని కోశాడు. దీనికి తెలుగు వెతకాల్సిన పనే లేదు, ‘పాడి జీవం’.

జల్లాలా. పెంట తిని బతికే పశువు. దాని మాంసమే కాదు, పాలూ వద్దని హదీసు. అబూ దావూద్, తిర్మిజీ సంకలనాల్లో ఉంది. కట్టేసి శుభ్రమైన మేత పెడితే మళ్లీ మామూలవుతుంది. ఎన్నాళ్లన్న దాంట్లో మజ్హబులు (న్యాయశాఖలు) కలవవు. ఒంటెకి 40 రోజులన్న లెక్క ఒకటి ఉంది. చూడండి, జాతి చూస్తే హలాల్ జంతువే, మేత పాడైతే పాలు చెడ్డాయి. మీరు తయ్యిబ్‌లో వెతుకుతున్నది నాకు ఈ మాటలో ఎక్కువ కనపడుతుంది.

చివరిగా నాకు బాగా నచ్చిన వాక్యం: ‘దఅ దాయియల్ లబన్’. ఒంటెని పితుకుతున్న తన అనుచరుడు జిరార్ ఇబ్న్ అల్ అజ్వర్‌తో ప్రవక్త అన్నది. దాయీ అంటే పిలిచేవాడు. పాలని పిలిచేదాన్ని వదిలెయ్ అని. పొదుగులో కాస్త మిగిల్చితే అది వెనకున్న పాలని కిందికి పిలుస్తుందని నిఘంటువులు వివరిస్తాయి. దీనికి తెలుగు తట్టక ఏళ్ల తరబడి ఊరుకున్నాను.

పశువైద్యుడైన ఒక సభ్యుడు:
మాస్టారూ, మీకు కావాల్సిన మాట పాకలోనే ఉంది, ‘చేపు’. దూడ మూతి పెట్టగానే పొదుగు బిగుసుకుని చన్నుల్లోకి పాలు దిగుతాయి చూడండి, దాన్నే చేపుకొచ్చింది అంటారు. చన్ను తాకిడికి మెదడులోంచి ఆక్సిటోసిన్ వస్తుంది, నిమిషం రెండు నిమిషాల్లో పాలు దిగుతాయి. కొత్త మనిషి అరిచినా, కర్ర ఝళిపించినా అడ్రినలిన్ ఎక్కి చేపు ఆగిపోతుంది. బెదిరిన పశువు పాలివ్వదు. పొదుగు నిండా ఉన్నా ఇవ్వదు.

ఒక్క విషయంలో మాత్రం నిఘంటువులతో నాకు పేచీ. పాలు మిగిల్చితే తర్వాత ఎక్కువ వస్తాయన్నది మా చదువు ఒప్పుకోదు. మిగులుతూ ఉంటే ఊరడం తగ్గుతుంది. పొదుగువాపు ఉన్న పశువుకి అసలే మిగల్చకూడదు.

మాస్టారు:
డాక్టరుగారూ, కారణం మీద మీదే పైచేయి. మరి దూడకోసం వదిలితే?

పశువైద్యుడు:
దూడ తాగేస్తే ఇక మిగిలిందెక్కడ! అప్పుడు నాకు పేచీ లేదు.

మాస్టారు:
ఫిఖ్‌వాళ్లూ (ఇస్లాం న్యాయశాస్త్ర పండితులూ) అక్కడికే వచ్చారు. దూడకి హాని కలిగేంత పితక్కూడదు, దానికి చాలగా మిగిలింది తీసుకోవాలి అన్నది షాఫియీ, హంబలీ మజ్హబుల పుస్తకాల్లో ఉన్న నియమమే. ఇంకో హదీసు అహ్మద్ ముస్నద్ అనే సంకలనంలో ఉంది. పితికేవాళ్లు గోళ్లు కత్తిరించుకోవాలి, పితికేటప్పుడు పశువుల పొదుగులకి గాయం కాకుండా.

పశువైద్యుడు:
గోళ్ల సంగతి నూటికి నూరుపాళ్లు. చన్ను చివర ఒక సన్నటి రంధ్రం, దాన్ని మూసి ఉంచే కండరం ఉంటాయి. గోరు గీసుకుని అక్కడ చిన్న పుండైతే చాలు, పొదుగువాపుకి దారి దొరికినట్టే. బొటనవేలు మడిచి చన్నుని నొక్కి లాగేవాళ్ల చేతిలో కూడా ఇదే గతి. గుప్పిట నిండా పట్టి పితకాలి.

అడిగినవారు:
‘చేపు’ నాకు తట్టనే లేదు, సిగ్గుగా ఉంది. ఇంకో సందేహం. న్యాయపండితుడు ఇజ్జుద్దీన్ ఇబ్న్ అబ్దుస్సలామ్ (మరణం 1262) మనిషి మీద పశువుకుండే హక్కులు రాస్తూ, ముసలిదైనా, జబ్బుపడి దేనికీ పనికిరాకుండా పోయినా దాన్ని పోషించాలన్నాడు. నేను ‘వట్టిపోయినా’ అని రాశాను. తప్పా?

మాస్టారు:
కాస్త తప్పేనమ్మా. వట్టిపోయిందంటే పాలు ఆగాయని మాత్రమే, మళ్లీ ఈనితే మళ్లీ ఇస్తుంది. ఆయన చెప్పింది ఇక ఎప్పటికీ దేనికీ పనికిరానిదాని గురించి. పైగా ఆయన పాడి పశువుల్నే అనలేదు, పశువులన్నిటినీ అన్నాడు. ‘దేనికీ అక్కరకు రాకపోయినా’ అనండి. పిల్లని తల్లి కళ్లముందు కోయకూడదన్న మాట కూడా అదే జాబితాలో ఉంది, వదిలెయ్యకండి.

మొదట్లో మాట్లాడిన సభ్యుడు:
పాలు, పాలు అంటున్నారు గానీ ‘లబన్’ అంటే పెరుగు కదండీ? అరబ్బీవాళ్ల డబ్బా మీద చూశాను.

మాస్టారు:
సిరియా, లెబనాన్ వైపు ఇప్పుడు లబన్ అంటే పెరుగే, పాలని హలీబ్ అంటారు. ఈజిప్టులో లబన్ అంటే పాలే. ఖురాన్‌లోనూ పాలే. హలీబ్, హలూబ్ రెండూ పితకడం అనే ధాతువులోవి.

అడిగినవారు:
ఇదిగో నా ప్రయత్నం. 2:168లో జంట: ‘హలాల్ అయినవి, మంచివి తినండి.’ జిరార్‌తో అన్న మాట: ‘చేపుని పిలిచే పాలు వదిలెయ్.’ 16:66: ‘వాటి కడుపుల్లో ఉన్నదాంట్లోంచి, ఫర్స్‌కీ నెత్తురుకీ నడుమ నుంచి, అచ్చమైన పాలు మీకు తాగిస్తున్నాం, తాగేవాళ్ల గొంతులో హాయిగా దిగేవి.’ ఫర్స్ దగ్గర మళ్లీ ఆగాను. ‘పేడ’ అని రాసి కొట్టేశాను.

మాస్టారు:
కొట్టెయ్యడమే మంచిదయింది. పేడ బయటపడ్డాక పేడ, దానికి అరబ్బీలో రౌస్ అని వేరే మాట ఉంది. ఇంకా పొట్టలోనే ఉన్నది ఫర్స్. డాక్టరుగారూ, నెమరేసే పొట్టలో సగం అరిగిన మేతని పాకలో ఏమంటారు?

పశువైద్యుడు:
నోట్లోకి తిరిగొస్తే నెమరు. లోపల ఉన్నంతసేపు మేమూ ‘కడుపులో మేత’ అనే అంటాం.

అడిగినవారు:
అయితే అదే రాస్తాను. ‘కడుపులో మేతకీ నెత్తురుకీ నడుమ నుంచి.’ ముందున్న ‘కడుపుల్లో’ తీసేసి ‘పొట్టల్లో’ చేస్తే రెండుసార్లు రాకుండా ఉంటుంది.