తోడేళ్లను తగ్గించడమా, అడవిలో దారులు మూయడమా? కెనడా కారిబూపై చర్చ

అడవిదారి:
అల్బర్టాలోని లిటిల్ స్మోకీ అనే కారిబూ (ఉత్తరాది చలి ప్రాంతాల పెద్ద జింక) మందను కాపాడాలని 2005 చలికాలం నుంచి హెలికాప్టర్లలో వెళ్లి తోడేళ్లను కాల్చారు. మంద తరగడం ఆగింది, అంతే. కారిబూను కాపాడేందుకు కెనడా ప్రభుత్వం రాసిన 2012 ఫెడరల్ ప్రణాళిక లెక్కన అది తిరిగే నేలలో 95 శాతం నరుకుడు వంటి వాటితో చెదిరిపోయింది. కనీసం 65 శాతం చెదరకుండా ఉండాలని చెప్పిందీ ఆ ప్రణాళికే. ముందు నరుకుడు ఆపండి.

మంచుగీత:
అడవిదారి గారూ, ఆ 65 శాతం ఉన్నా మంద నిలిచే అవకాశం 60 శాతమే. పైగా నరికిన చోట లేత పొదలు మొలుస్తాయి. వాటికోసం మూస్ (భారీ జింక జాతి), జింకలు వస్తాయి, వాటి వెనకే తోడేళ్లు. అడవి ముదిరి, కారిబూ తినే లైకెన్ (నాచులా కనిపించేది) పట్టడానికి దశాబ్దాలు కావాలి. ఏడాదికి ఒక్క దూడను ఈనే జంతువు అన్నాళ్లు తట్టుకోలేదు. బ్రిటిష్ కొలంబియాలోని క్లిన్సే-జా మందలో 2013లో మిగిలింది 38. వెస్ట్ మోబర్లీ, సోల్టో ఆదివాసీ జాతులు తోడేళ్లను తగ్గిస్తూనే, చూడి కారిబూలను కంచెలో ఈనించి, దూడలు బలపడ్డాక వదిలాయి. 2021కి మంద 101కి చేరింది.

పీట్‌నేల:
ఇద్దరూ సీస్మిక్ లైన్లను వదిలేశారు. చమురు వెతకడానికి అడవిలో తిన్నగా కొట్టిన ఈ దారుల మీద తోడేళ్లు అడవిలో కంటే రెండు మూడు రెట్లు వేగంగా నడుస్తాయి. తడి పీట్ నేలలో (కుళ్లిన మొక్కలు పేరుకున్న బురద నేల) ఇవి వాటంతటవే పూడవు. యంత్రాలు తొక్కి నేల కుంగిపోవడంతో నీరు పైకొచ్చి నల్ల స్ప్రూస్ చెట్ల మొలకల వేళ్లకు గాలి ఆడదు. అందుకే నేల గడ్డకట్టాక ప్రొక్లెయిన్ దింపి, గుంత తీసిన మట్టిని పక్కనే దిబ్బగా పోసి, వేసవిలో దిబ్బ నెత్తిన నారు నాటాలి. మట్టిని గడ్డలు గడ్డలుగా పేరిస్తే మంచు కరిగాక దిబ్బ చతికిలబడుతుంది, నారు మునుగుతుంది. లైను మొదట్లోనే నాలుగు చెట్లు పడేస్తే స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి) పక్కనుంచి దూరిపోతుంది, అది తొక్కిన మంచు మీద తోడేలు నడుస్తుంది. లైను పొడవునా చెట్లను అడ్డంగా వేయాలి. ఒక్క లైను మూసి పక్కది వదిలేసినా దండగే.

అడవిదారి:
ఒప్పుకుంటా. కానీ ఇటు పాతవి మూస్తూ అటు కొత్త లైన్లకు అనుమతిస్తే? తోడేళ్ల తగ్గింపుకు నిధులిచ్చే ముందే ఆ పరిధిలో కొత్త లీజులు ఆగాలి.

మంచుగీత:
ఆ షరతు సబబే. తగ్గింపు ఎప్పుడు ఆపాలన్నదీ ముందే రాసుకోవాలి. వయసొచ్చిన ఆడవాటిలో ఏటా 85 శాతం బతుకుతుంటే, చలికాలం చివర 100 ఆడవాటికి 29 దూడలుంటే మంద నిలబడుతుంది. దారులు మూయకుండా ఆపితే మాత్రం పక్క అడవుల తోడేళ్లు ఒకటి రెండేళ్లలోనే ఆ చోటు నింపేస్తాయి.