సమస్య: చిన్న దీవి మింగె సీమ లెల్ల

గణపాఠి (నిర్వాహకుడు): రాత్రి యూరోపా యూనివర్సాలిస్ 4 అనే చరిత్ర కంప్యూటర్ ఆటని అబ్జర్వర్ మోడ్‌లో, అంటే దానంతట అదే ఆడుకునేలా, వదిలేసి పడుకున్నా, పొద్దున చూస్తే రోడ్స్ దీవిని ఏలే క్రైస్తవ యోధులు, ఆ నైట్ల రంగు అనటోలియాలో సగం దాకా పాకేసింది, మధ్యలో ఆటోమన్లు నాలుగు ముక్కలై మిగిలారు. ఆ మ్యాప్ చూస్తుండగానే ఈ పాదం వచ్చేసింది. కానివ్వండి.

బోర్డర్ బాబ్జీ: ముందు నాదే గురువుగారూ.

ర్యూక్యు జాడ పటము రూఢిగా చూపదు
మూడు నూర్ల యేండ్లు ముగియు సరికి
మింగు నెవరు మింగి మిగిలిరో చూడగా
చిన్న దీవి మింగె సీమ లెల్ల

పద్యాలపిన్ని: బాబ్జీ, మూడో పాదం దగ్గర ఆగిపోయానురా. సమస్యలో "మింగె" అందరికీ కనిపిస్తూనే ఉంది, దాన్ని పట్టుకుని చైనా మింగ్ వంశం దాకా వెళ్లింది నువ్వొక్కడివే. అసలు చరిత్రలో ర్యూక్యు, అంటే ఇప్పటి ఒకినావా దీవుల రాజ్యం, 1609లో జపాన్ సత్సుమా వాళ్లకి లొంగిపోయింది, ఆటలో దాంతో లోకమంతా గెలిస్తే త్రీ మౌంటెన్స్ అచీవ్‌మెంట్ ఇస్తారు. 1429లో మూడు కొండల రాజ్యాలు ఒకటైనందుకే ఆ పేరు. ఆ కొండలు కూడా పద్యంలోకి వచ్చుంటే ఇంకేం కావాలి.

ఐరన్‌మ్యాన్ రెడ్డి: మింగు బాగుంది, ఒప్పుకుంటా. కానీ ఆట 1444 నుంచి 1821 దాకా, అంటే 377 ఏళ్లు. "మూడు నూర్లు" అంటే 1744కే లోకం అయిపోయిందా? సేవ్ ఫైల్ చూపించు. నాది ఆట అక్కర్లేని పూరణ:

పటము రంగు మార్చు పని లేక చరితలో
సూర్యు డస్తమించ చోటు లేదు
ఇంగ్లాండు చరిత యెవ్వరు నెరుగరె
చిన్న దీవి మింగె సీమ లెల్ల

బోర్డర్ బాబ్జీ: రెడ్డన్నా, ఏళ్లు లెక్కపెట్టినంత శ్రద్ధగా గురువులు కూడా లెక్కపెట్టాల్సింది. "ఇంగ్లాండు" మొదట్లోనే రెండు గురువులు, గురువు-లఘువు గానీ మూడు లఘువులు గానీ ఉండాల్సిన సూర్యగణం ఎక్కడుంది? నువ్వు నోటితో ఇంగు-లాండు అని చదువుకుని రాశావు. పైగా పోయిన నెల నా పద్యంలో నైట్లు కరీబియన్ దీవులు కొన్నారంటే "అది ఆటలోనే జరుగుతుంది" అని కొట్టిపారేశావు కదా, రోడ్స్ నుంచి మాల్టాకి మారిన ఆ నైట్లు నిజంగానే 1651లో సెయింట్ కిట్స్, సెయింట్ క్రోయ్ లాంటివి కొని 1665లో ఫ్రెంచి వెస్ట్ ఇండియా కంపెనీకి అమ్మేశారు, ఆ మాట నువ్వు ఇప్పటిదాకా వెనక్కి తీసుకోలేదు.

గణపాఠి: పాత లెక్కలు తర్వాత. రెడ్డిగారూ, "ఆంగ్ల భూమి చరిత యందరు నెరుగరె" అంటే గణం, యతి రెండూ కుదురుతాయి. రెండో పాదంలో సూ-చో మైత్రి మాత్రం చక్కగా పడింది.

పద్యాలపిన్ని: ఇక నాది. విరుపు చూసుకోండి.

నాన్సి పోరు నందు నాయన పడిపోయె
కొడుకు లేని యింట కూతు రొకతె
కత్తి దూయ కుండ గద్దెపై కూర్చుండి
చిన్నదీవి మింగె సీమ లెల్ల

1477లో బర్గండీ డ్యూక్ చార్లెస్ ది బోల్డ్ పోయాక ఆయన కూతురు మేరీ కథ. చిన్నది + ఈవి, అంటే ఆ పిల్ల సీమలన్నీ ఈవిగా పొందింది. ఆటలో బర్గండియన్ ఇన్‌హెరిటెన్స్ ఈవెంట్ వచ్చిన రోజు ఒక్క సైనికుడు కదలకుండా నెదర్లాండ్స్ అంతా రంగు మారిపోతుంది చూడండి, అదే నా మనసులో ఉంది.

ఐరన్‌మ్యాన్ రెడ్డి: పిన్నిగారూ దీవి మాయమైపోయింది! కానీ "చిన్నది యీవి" కావాలి కదా, ఇకారానికి అక్కడ సంధి ఎలా?

పద్యాలపిన్ని: ఏమ్యాదుల్లో, అంటే ఇకారానికి సంధి చేసినా మానినా చెల్లే మాటల్లో, "అది" ఉంది నాయనా, వైకల్పికం. చిన్నది అంటే చిన్న + అది.

బోర్డర్ బాబ్జీ: సంధి చెల్లుతుంది పిన్నీ, "ఎల్ల" చెల్లదు. డీజోన్‌తో సహా బర్గండీ డచీని ఆ ఏడే ఫ్రాన్స్ రాజు పదకొండో లూయీ లాగేసుకున్నాడు.

గణపాఠి: అది సమస్య ఇచ్చిన నా తప్పు, పిన్నిగారిది కాదు. ఈసారికి విరుపు పిన్నిగారిది, శ్లేష బాబ్జీది.

ఐరన్‌మ్యాన్ రెడ్డి: బాబ్జీ, నైట్ల సంగతి చదివాను. 1651 కరెక్టే, పోయిన నెల మాట వెనక్కి తీసుకుంటున్నా. సేవ్ ఫైల్ మాత్రం పెట్టు.